శరత్కాలపు అతిథి

వర్షాలు వెనుదిరిగి ఉదయాలు చల్లబడే వేళ, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కె.బి.ఆర్. పార్కుకు దూరదేశపు పక్షులు రావడం మొదలవుతుంది. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడిన ఈ చిట్టడవిని నేడు నగరం అన్ని వైపులా చుట్టుముట్టి ఉన్నది.

ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని మా అమ్మాయితో కలిసి అక్కడికి వెళ్లాను. నడకదారి పక్కన వాననీరు నిలిచిన చోట, పసుపు పొట్ట గల చిన్న పక్షి ఒకటి పొడవాటి తోకను పైకీ కిందికీ ఊపుతూ పురుగులను ఏరుకుంటున్నది. ఆంగ్లంలో దానిని గ్రే వాగ్‌టైల్ అంటారు. బరువు సుమారు 20 గ్రాములే! హిమాలయాల వంటి ఉత్తరాది కొండల్లో, వాగుల చెంత పిల్లలను పెంచి, చలికాలం గడపడానికి దక్షిణాదికి దిగివస్తుంది.

అమ్మాయి కెమెరాను నా చేతికిచ్చి చిన్న రాయి అందుకున్నది. “అబ్బా, ఇది వేస్తే ఎగురుతుంది. రెక్కలు విప్పినప్పుడు మీరు ఫోటో తీయండి” అన్నది.

“బేటీ, దూరప్రయాణం చేసి వచ్చిన మెహమాన్ భోజనానికి కూర్చుంటే, ఫోటో కోసం లేపుతామా?” అని అడిగాను. బెదిరి ఎగిరిన ప్రతిసారీ అది తిన్న తిండి వృథా అవుతుందని వివరించాను.

ఆమె రాయిని జారవిడిచింది. కెమెరా తీసుకొని నేలపై కూర్చుని, పావుగంట కదలలేదు. పక్షి తనంతట తానే మేత వెదుకుతూ దగ్గరకు వచ్చింది.

ఆ ఫోటోలో తోక మసకగా పడింది. అయినా ఇంటికి రాగానే దాదీకి చూపి, “దీన్ని లేపకుండానే తీశాను” అన్నది.