నొప్పి తగ్గింది కదా, డాక్టర్ గారూ!

"నొప్పి తగ్గిపోయిందండీ, అందుకే మానేశాను." ఈ మాట వింటే చాలు, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో స్పోర్ట్స్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు డాక్టరుగారికి ఒళ్ళు మండుతుంది. కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో బీపీ మాత్రలు ఆపేసినవాళ్ళూ ఇదే చెప్పేవారు. ఇక్కడ మానేసేవి మాత్రలు కావు, కసరత్తులు.

ఆవిడ దగ్గరకొచ్చేది పేరున్న ఆటగాళ్ళు కాదు. పగలంతా కంప్యూటరు ముందో, ట్రక్కు స్టీరింగు ముందో కూర్చుని, రాత్రి పదిన్నరకో పదకొండుకో రింకు ఖాళీ అయితే ఐస్ హాకీ ఆడేవాళ్ళు. బీర్ లీగ్ అంటారు దీన్ని. వీళ్ళలో చాలామందికి ఐస్ మీద గంట తప్ప వారంలో వేరే వ్యాయామం ఉండదు. మూడు వందల డాలర్లు పెట్టి కార్బన్ ఫైబర్ స్టిక్ కొంటారు. ఇంట్లో ఉన్న కుర్చీతో పది నిమిషాలు కసరత్తు చెయ్యమంటే మాత్రం "టైం ఎక్కడిదండీ" అంటారు.

గజ్జల్లో నొప్పి అనగానే ఆవిడ పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడవమంటారు. ఆ రెంటి మధ్యా తన పిడికిలి పెట్టి "నొక్కండి" అంటారు. ఆరడుగుల మనిషి కూడా సగం బలంతో నొక్కి పళ్ళు బిగబడతాడు. స్కేటింగులో కాలు వెనక్కీ పక్కకీ విసిరి తోసినప్పుడు, దాన్ని ఆపి మళ్ళీ లోపలికి లాగే పగ్గం తొడ లోపలి కండరాలే. అవి సాగుతూనే బిగుసుకోవాలి. రోజంతా కుర్చీలో ఉండి బలం తగ్గిన కండరం, ఆ చల్లటి రింకులో సరిగ్గా అక్కడే చిరుగుతుంది.

ఇది ఆవిడ సొంత సిద్ధాంతం కాదు. ఒక ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగు) జట్టును పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, లోపలి కండరాల బలం బయటి కండరాల బలంలో 80 శాతంకన్నా తక్కువున్నవాళ్ళకు ఈ గాయం ముప్పు 17 రెట్లు ఎక్కువని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, బలం తక్కువున్నవాళ్ళను ముందే గుర్తించి సీజనుకు ముందు కసరత్తు చేయించారు. ఒక ఆటగాడు ఒక మ్యాచ్ ఆడితే ఒకటిగా లెక్కేస్తే, ప్రతి వెయ్యికీ 3.2గా ఉన్న గాయాలు 0.71కి పడిపోయాయి. జీతానికి ఆడేవాళ్ళకే అంత అవసరమైతే, మనమెంత?

వైద్యం సంగతి ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదట కొన్నాళ్ళు విశ్రాంతి, తర్వాత మోకాళ్ళ మధ్య బంతి పెట్టుకుని నొక్కడం. ఆపైన కోపెన్‌హేగెన్: పక్కకు తిరిగి మోచేతిమీద ఆనుకుని, పైకాలు కుర్చీమీద పెట్టి, నడుము లేపడం. వీటితోపాటు ఒంటికాలి స్క్వాట్లు. ఒంటారియోలో డాక్టరును చూడటానికి ఓహిప్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు చాలు; ఫిజియోథెరపీకి మాత్రం చాలామంది సొంత డబ్బో, కంపెనీ ఇన్సూరెన్సో చూసుకోవాలి. అందుకని ఆవిడే చాపమీద పడుకుని చేసి చూపిస్తారు.

గజ్జ చిరిగితే విసుగు. గుండె సంగతైతే భయం. కింగ్‌స్టన్‌లో ఇలా సరదాకి ఆడే 113 మంది మగవాళ్ళ ఛాతీలకు గుండె కొట్టుకోవడాన్ని నమోదుచేసే హోల్టర్ మానిటర్లు కట్టి చేసిన అధ్యయనం 2002లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఆటలో వాళ్ళ గుండె వేగం గరిష్ఠంగా చేరింది సగటున నిమిషానికి 184కి. నలభై దాటినవాళ్ళకు అది చాలా ఎక్కువ. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక షిఫ్టు, అంటే ఐస్ మీద ఒక విడత, ముప్పావు నిమిషం; వీళ్ళు బెంచికి రావడానికి మనసొప్పక రెండేసి నిమిషాలు ఐస్ మీదే ఉంటారు. అందుకే సైకిలు మీద అర నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా తొక్కడం ముందు అలవాటు చేసుకోమంటారు.

అరవై దాటిన ఒకాయన మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని చెబుతూనే కొలెస్టరాల్ మాత్ర స్టాటిన్ ఆపేశానన్నాడు. ఆయన మీద గొంతు పెంచబోయి ఆగిపోయారు ఆవిడ. రిటైరయ్యాక ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు హాకీ డ్రెస్సింగు రూములోనే మిగిలారు. ఆట మానెయ్యమని చెప్పడం తేలిక. ఆవిడ అలా చెప్పలేదు. ముందు గుండె పరీక్షలు, కార్డియాలజిస్టు సరేననేదాకా బెంచిమీద కోచ్ పని. స్టాటిన్ మాత్రం ఆ రాత్రినుంచే.

మిసిసాగా నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాడి కథ వేరు. ముప్పై దాటాక, కొడుకుతోపాటు స్కేటింగు నేర్చుకున్నాడు. ఆకురాలు కాలంలో కుడి గజ్జ పట్టేస్తే కోపెన్‌హేగెన్ రాసిచ్చారు. మంచు పడేసరికి కుంటుకుంటూ మళ్ళీ వచ్చాడు.

"మీ కసరత్తు భలే పనిచేసిందండీ! కుడివైపు అసలు నొప్పే లేదు. ఇది ఎడమవైపు."

"ఎడమవైపు కూడా చెయ్యమన్నానా, లేదా?"

"అటువైపు బాగానే ఉండేది కదండీ!"

చీటీ మీద 'రెండు కాళ్ళూ' అని రాసి కింద రెండు గీతలు గీశారు ఆవిడ. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"శుక్రవారం మ్యాచ్ ఉందండీ. స్కేటింగు చెయ్యన్లెండి, గోలీగా నిలబడతాను."

గోలీ అంటే మాటిమాటికీ మోకాళ్ళమీద పడి, రెండు కాళ్ళూ పక్కలకు చాపేవాడు. ఆవిడ చీటీ వెనక్కి తీసుకుని 'గోలీగా కూడా వద్దు' అని ఇంకో లైను రాశారు.