ఇనుపమంచము

మంచములలో జాతులు పెక్కు గలవు. నులకమంచము, నవారుమంచము, పట్టెమంచము, పందిరిమంచము - ఒక్కొక్కదాని కొక్కొక్క మర్యాద. వీని యన్నింటి తరువాత మన యిండ్లలో నడుగుపెట్టి, వీని యన్నింటికంటె స్థిరముగా నిలిచినది ఇనుపమంచము. చిత్తూరులో మా యింట నట్టిది యొకటి కలదు. మా తాతగారు కొన్నది. రంగు పలుమాఱు వేయించితిమి. తలవైపు తీగెల పనిలో నొక పువ్వు విఱిగినది. అంతకు మించి దానికి వార్ధకము రాలేదు.

ఈ మంచముపై జనులకు గల మక్కువ నేటికిని తగ్గకుండుటకు దాని తీగెల సొంపే కారణమని పలువు రందురు. మేము మఱియొక కారణము చెప్పెదము, అది నల్లి. కొయ్యకీళ్లలోను, నులక యల్లికలోను నల్లి కాపురము పెట్టెనేని వెడలగొట్టుట యెంత కష్టమో పెద్దలెఱుగుదురు. మంచమును ఎండలో వేయవలెను, బండపై కొట్టవలెను, కాగిన నీరు పోయవలెను. ఆ నీటికి కొయ్య ఉబ్బును, నులక చివుకును. నల్లి మరల వచ్చును. ఇనుపకడ్డీలలో దానికి దాగుచోట్లు తక్కువ. వేడినీటికి ఇనుము వెఱవదు. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన రోగిపరిచర్యా గ్రంథమున రోగికి ఇనుపమంచమే మేలని చెప్పినది. మన సీమలోను 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయవైద్యశాల వెలసినది. అట్టి చోట్ల నెలలకొలది యొకరు పరుండిన మంచముపై తరువాత వేఱొకరు పరుండవలసియుండును. కడుగ వీలుగాని మంచము అక్కడ పనికిరాదు.

1784లో హెన్రీ కార్టు అను ఆంగ్లేయుడు పోతయినుమును కొలిమిలో కరగించి, కలియబెట్టి, అందలి కర్బనమును తొలగించు పద్ధతికి హక్కుపత్రము పడసెను. అట్లు వచ్చిన చేతయినుము సమ్మెటకు వంగును, తీగెగా సాగును. నేడు దానిని చేయుట మిక్కిలి యరుదు. ఆ పేర నంగళ్లలో అమ్మునవి చాలవఱకు మెత్తని యుక్కు గొట్టములు. లోహము మాఱినను కడుగదగిన గుణము మాఱలేదు.

కడిగిన శుద్ధి యగు వస్తువు ఇంటిలో నందఱిది కావలెను గదా! మా యింట నట్లు కాలేదు. మా నాయనమ్మ ఆ మంచమును తుడిచినదే గాని దానిపై పరుండి యెఱుగదు. ఆమె కాన్పులన్నియు వెనుక కొట్టులో కుక్కిమంచముపై జరిగినవి. ఇనుపమంచము మైలపడునని పెద్దల భయము. అయినను గాలి సోకకుండ బాలింత తలాపున ఇనుపకత్తి యుంచిరట! కాపాడుటకు పనికివచ్చిన యినుము పరుండుటకు పనికిరాకపోయెను. శాస్త్రమే యడ్డమందురా, మనుస్మృతి అయిదవ యధ్యాయమున రాగి, ఇనుము మున్నగు లోహములకు క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను శుద్ధి చెప్పబడియే యున్నది.

మూడేండ్ల క్రిందట మా చెల్లెలు పురిటికి వచ్చినది. అంతకు ముందెందఱు తల్లులు పరుండిరో యెఱుగని ఆసుపత్రి మంచముపై ఆడుబిడ్డను కన్నది. అక్కడ మైలమాట యెవరును తలపలేదు. ఇంటికి రాగానే మా యమ్మ వెనుకగదిలో చాప పఱచినది. కుట్లు నొచ్చుచుండగా మా చెల్లెలు నేలనుండి లేచుటకు గోడ పట్టుకొనుచుండెను. మేము మా యమ్మకు మనువును వినిపించితిమి.

"మనువు ఎప్పుడైనా పురుడు పోసుకున్నాడా నాయనా?" అని యామె యడిగినది.

దానికి మాయొద్ద నుత్తరము లేదు. మఱునాటి వేకువను నీళ్ల చప్పుడునకు లేచి చూచితిమి. ఆమెయే కాచిన నీటితో ఇనుపమంచమును కడుగుచుండెను. "రాత్రంతా దాని మూలుగు విన్నాను. ఆ పక్క పట్టురా, లోపల వేస్తాం" అనెను. శాస్త్రము చేయలేని పనిని బిడ్డ మూలుగు చేసినది.

చదువరులారా, మంచము కొనునపుడు ధర యడుగుదుము, బరువు చూతుము. అది యింటికి వచ్చిన పిమ్మట దానిపై ముందెవరు పరుండవలెనో కూడ విచారింపుడు. ఒంట నొప్పి గలవారిదే మొదటి హక్కు. పిమ్మట కడుగుటయా? వేడినీరు ప్రతి యింటను కలదు. కడుగుట మగవారికిని చేతనగును.