పది డాలర్ల అడవి

ఊరికే ఆడుకోగలిగే ఆటకి డబ్బులు కట్టి ఆడదామన్నది నా ఆలోచనే. షార్లెట్‌లో డిస్క్ గోల్ఫ్ కోర్సులకి కొదవ లేదు. చాలావరకు పబ్లిక్ పార్కుల్లోవే, పైసా ఖర్చుండదు. ఫ్రిస్బీ కంటే చిన్నగా, గట్టిగా ఉండే డిస్క్‌ని చెట్ల మధ్యలోంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. నాలుగేళ్లుగా శనివారం పొద్దున్న నాకూ, మా ఇంజనీరింగ్ రూమ్మేట్‌కీ ఇదే పని.

ఆ శనివారానికి వాడి ఉద్యోగం పోయి 47 రోజులు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. వాడు అప్పటికే టికెట్లు కొనేశాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. వాడి టీమ్ పోయింది, నాది మిగిలింది. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటున్నాం. ఆఖరి ఆట కాస్త ఘనంగా ఉండాలని గంట దూరంలో, ఎవరిదో సొంత స్థలంలో ఉన్న కోర్సుకి తీసుకెళ్లాను.

గేటు దగ్గర తాళం వేసిన ఇనప డబ్బా. మనిషికి 10 డాలర్లు. నేనే ఇద్దరికీ వేశాను. "హుండీ రా ఇది. మొక్కుకో," అన్నాడు వాడు.

మొక్కుకోవాల్సిందే. విసిరేచోట కాంక్రీటు లేదు, ఎర్రమట్టి మీద ఒక రబ్బరు చాప పరిచారు. కాలు పెడితే చాపతో సహా జారుతున్నాం. బుట్ట ఎటు ఉందో చెప్పే బోర్డుల్లో సగం లేవు, ఉన్నవాటి మీద అంకెలు వెలిసిపోయాయి. యాప్‌లో మ్యాప్ ఒకటి చెబుతుంది, దారి ఇంకోచోటికి పోతుంది. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ చేతికొచ్చినప్పుడు కలిగే ఆ చిరాకే. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. దాని అంచున మూడాకుల పాయిజన్ ఐవీ. తగిలితే వారాల తరబడి దురద.

రెండో హోల్ దాటకముందే నాలోని సమీక్షకుడు నిద్రలేచాడు. పుస్తకాల మీద రాసేటప్పుడు నేను వెల చూడను. ఇక్కడ మాత్రం ప్రతి గడ్డిపరకకీ ఆ 10 డాలర్లు గుర్తొచ్చాయి. పార్కు కోర్సులూ అంత గొప్పగా ఏం ఉండవు, కానీ వాటిని ఎప్పుడూ ఏమీ అనలేదు. వాటికోసం క్లబ్బు వాళ్లు రంపాలూ పారలూ పట్టుకుని వస్తారు. మేమూ రెండుసార్లు కంకర మోశాం. ఇక్కడ డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి ఆటగాళ్లెవరూ పారపట్టరు. ఆ డబ్బు ఏ మూలకీ రాదు కాబట్టి కాబోలు, ఓనరూ పట్టడు.

ఐదో బుట్ట పక్కకి ఒరిగి ఉంది. గొలుసులు మూడో నాలుగో ఊడిపోయాయి. నేను విసిరింది ఆ సందులోంచి దూరి అవతల పడింది. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1970లలో ఈ గొలుసుల బుట్ట కనిపెట్టాడు. అంతకుముందు చెట్టుకో స్తంభానికో తగిలితే చాలనుకునేవాళ్లు. ఆయన 2002లో పోతే, ఆయన కోరిక మేరకే చితాభస్మాన్ని డిస్కుల్లో కలిపి పోత పోశారు. ఆ కథ వాడికి చెప్తే, "నన్ను మాత్రం ఇలాంటి చోట విసరొద్దు," అన్నాడు.

ఏడో హోల్ దగ్గర వాడి నీలం డిస్క్ పోయింది. మంచి విసురు, చివర్లో ఎడమకి తిరిగి గడ్డిలోకి దిగింది. రూల్ ప్రకారం మూడు నిమిషాలు వెతికి, ఒక పెనాల్టీ వేసుకుని సాగిపోవాలి. మేం నలభై నిమిషాలు వెతికాం. కర్రలతో గడ్డిని పాయలు తీస్తూ, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా.

"నీ టీమ్ మిగిలిందని తెలిసినప్పుడు ఒక వారం నీమీద కోపంగా ఉండేది రా," అన్నాడు, వెనక నుంచి.

నేను ఈ గడ్డి కోసి ఎన్నాళ్లయిందో అన్నాను.

"నాన్నకి ఇంకా చెప్పలేదు. సెలవు మీద వస్తున్నాననుకుంటున్నాడు."

"చెప్పరా."

"చెప్తా. ముందు డిస్క్ దొరకనీ."

దొరకలేదు. మిగతా పదకొండు హోల్స్ ఆడకుండానే వచ్చేశాం. గేటు దగ్గర డబ్బా చూసి, "రిఫండ్ అడుగుదామా?" అని వాడు నవ్వాడు.

వాడు వెళ్లిన వారానికి యాప్ తెరిచి రివ్యూ రాశాను. ఒక చుక్క. చాపలు, బోర్డులు, గొలుసులు, గడ్డి అన్నీ రాశాను. చివర ఇంకో వాక్యం కలిపాను: ఏడో హోల్‌లో ఎడమ పక్క గడ్డిలో నీలం డిస్క్ దొరికితే దానిమీద రాసున్న నంబరుకి కాకుండా నాకు మెసేజ్ పెట్టండి, ఆ ఫోన్ ఇప్పుడు పనిచెయ్యదు.