వంద రూపాయల మిగులు

2017 ఫిబ్రవరిలో, క్రిందటి యేడు క్వింటాలు పదివేలు దాటి పలికిన మిరప ధర వారము వారమును దిగజారుచున్న కాలమున, ప్రత్తిపాడులోని మా కల్లమునుండి 40 టిక్కీల (బస్తాల) మిరపకాయలు ట్రాక్టరు ట్రక్కున కెత్తించి పర్చూరు రోడ్డు మీదుగా గుంటూరు యార్డుకు పోవుచుండగా, సెల్‌ఫోనుపై చూపు నిలిపి కారు నడుపుచున్న ఒక ఆసామి వెనుకనుండి వచ్చి ట్రక్కును గుద్దెను. ఎవరికిని గాయము తగులలేదు. ఇరుసు వంగినది, వెనుక తలుపు చీలినది, 11 టిక్కీలు పగిలి కాయలు రోడ్డుపాలైనవి. ఆయన దిగివచ్చి దాచకయే చెప్పెను: “ఫోను చూసుకుంటూ గమనించలేదన్నా. పదివేలు ఇస్తాను, కేసు వద్దు.”

చేతికందిన రొక్కమును విడిచి కోర్టు మెట్లెక్కుట మా వైపున ఎవరును మెచ్చరు. కాని ట్రక్కు మరమ్మతుకే 31 వేలగునని మేస్త్రి చెప్పెను. సొంత నష్టమునకు వర్తించు బీమా ఖర్చెక్కువని మానుకొని, ట్రాక్టరుకు థర్డ్‌పార్టీ పాలసీ మాత్రమే తీసికొన్నవాడను గనుక, నా కంపెనీ నుండి పైసా రాదు. అందుచేత పోలీసు స్టేషనుకు పోయి, నిర్లక్ష్యపు డ్రైవింగునకు నాడు వర్తించిన శిక్షాస్మృతి 279వ సెక్షను క్రింద ఫిర్యాదు వ్రాయించితిని. ట్రక్కును కదల్పకముందే తీయించిన ఫొటోలు, బయలుదేరునప్పటి కాటా చీటీ, ఆనాటి యార్డు ధరల కాగితము, మేస్త్రి బిల్లులు ఒక్కటియు పోనీయక సంచిలో దాచితిని. ఆ సంచియే తరువాత నా పక్షమున మాటాడినది. సెల్‌ఫోను చేతబట్టి నడుపుట ప్రమాదకరమైన డ్రైవింగని మోటారు వాహనముల చట్టము 184వ సెక్షనులో స్పష్టముగా చేర్చబడినది 2019లో గదా. అంతకుముందు జరిగిన మా వ్యవహారమున ఆయన ఒప్పుకోలును, వెనుకనుండి గుద్దుటయునే ఆధారములైనవి.

ప్రాణమో అవయవమో పోయినప్పుడే మోటారు ప్రమాదముల ట్రిబ్యునలని మా ఊరిలో అందరును నమ్ముదురు, నేనును నమ్మితిని. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 165వ సెక్షను ఇతరుల ఆస్తికి కలిగిన నష్టమును సైతము ఆ ట్రిబ్యునలు విచారింపవలెనని చెప్పుచున్నదని గుంటూరులోని వకీలు చూపిన తరువాతనే అర్జీ వేసితిని. (2022 ఏప్రిల్ నుండి ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపుననే అర్జీ వేయవలెనను గడువు అమలులోనికి వచ్చినది, ఇది ఎరుగక ఆలసించువారిని తలచిన నాకు బాధ కలుగుచున్నది.) రెండేండ్లకు తీర్పు వచ్చెను: మరమ్మతునకు 31 వేలు, పాడైన కాయలకు 14 వేలు, పైన వడ్డీ. ట్రక్కు బాగుపడులోపల మిగిలిన టిక్కీలకు తగ్గిన ధరను మాత్రము లెక్కకు తీసికొనలేదు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మము యార్డులో రైతుల ఆగ్రహము పెల్లుబికినంతగా ధర పడిపోయినది. ఆ పతనమునకు కారు నడిపినవానిని బాధ్యుని చేయుట న్యాయము కాదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

ఈ 45 వేలలో కారు బీమా కంపెనీ చెల్లించినది 6 వేలు మాత్రమే. ఇతరుల ఆస్తి నష్టమునకు ఏడున్నర లక్షల వరకును ఉండదగిన పూచీని, నాటి చట్టము విధించిన కనిష్ఠ పరిమితియైన 6 వేలకు కుదించుకొన్నచో కారు ప్రీమియములో 100 రూపాయలు తగ్గెడిది. ఆ ఆసామి పాలసీ అట్లు కుదించినదే. మిగిలిన 39 వేలును వడ్డీయు ఆయన నెత్తిన పడెను. ఈ సంగతి తెలిసిన రాత్రి ఇంటికి వచ్చి నా మోటారుసైకిలు పాలసీని దీపము క్రింద పెట్టి చదివితిని. లక్ష రూపాయల పూచీ ఉండవలసిన చోట 6 వేలని ఉన్నది. మిగిలినది 50 రూపాయలు. “తగ్గించి వేయవయ్యా” అని ఏజెంటుతో నేనే అన్నట్లు జ్ఞప్తికి వచ్చి చాలసేపు నిద్ర పట్టలేదు.

భూమిశిస్తు బకాయివలె కలెక్టరు ద్వారా వసూలు చేయించుటకు చట్టములో దారి కలదని వకీలు చెప్పెను. కాని ఆ ఆసామియు నావలె రైతే, పత్తి వేసి గులాబి పురుగు వలన సగము పోగొట్టుకొన్నవాడు. పత్తి అమ్మిన వెంటనే కొంత, మరుసటి యేడు కొంత ఇచ్చునట్లు వకీళ్ల యెదుట వ్రాసికొంటిమి. మాట తప్పలేదు. చివరి వాయిదా తెచ్చిననాడు ఆయన జేబులోనుండి కారు కొత్త పాలసీని కూడ తీసి నా చేతికిచ్చి, “ఆస్తి నష్టం దగ్గర ఎంత రాశారో కాస్త చూడన్నా” అని అడిగెను.