పొయ్యిలో పెట్టే కర్ర – ఏటికొప్పాక వీధి

మా రాజవొమ్మంగి నుండి కృష్ణదేవిపేట, నర్సీపట్నము మీదుగా సముద్రము వైపు సాగే దారిలో మేము సభలకు, వివాహములకు ఎన్నోసార్లు వెళ్ళాము. పెద్ద రోడ్డు ఇంకా కొద్ది దూరములో ఉండగా వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే గ్రామమున్నదని తెలిసినా, అక్కడ దిగిన రోజు లేదు. ఈమధ్య దిగవలసి వచ్చింది.

మా సంఘములో ఒక తండ్రి తన చిన్న కుమారుని గూర్చి మా యొద్ద బాధపడ్డాడు. పదవ తరగతి తప్పిన ఆ పిల్లవాడు హైదరాబాదులో హోటలు పనికి పోతానంటున్నాడు. వాని చేతికి చిన్న కత్తి ఇస్తే చాలు, కర్రముక్కను పిట్టగానో, ఎడ్లబండిగానో మార్చివేస్తాడు. “అయ్యగారూ, మీరొక మాట చెప్పండి. మీ మాటైతే వింటాడు” అన్నాడు తండ్రి. చెప్పుటకంటె చూపించుట మేలనుకొని, తండ్రీకొడుకులను వెంటబెట్టుకొని బయలుదేరాము.

కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి యొద్ద కాసేపు ఆగాము. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మా రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై ఆయన దళము దాడి చేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చిన తరువాత కొండవారికి పోడు మీద, అడవి సరుకు మీద ఉన్న స్వేచ్ఛ పోయింది. ఆ కడుపుమంట ఆ పోరాటము వెనుక ఉన్నది. చెట్టు ఎవరిది, దాని ఫలము ఎవరికి అన్న ప్రశ్న ఆనాటిది. ఆ ప్రశ్న మా వెంట ఏటికొప్పాక దాకా వచ్చింది.

ఆ వీధిలో అడుగు పెట్టగానే లేతు మిషన్ల చప్పుడు వినబడింది. ఇంటి ముందు వసారాలే పనిశాలలు. ఒక పెద్దాయన తిరుగుచున్న కర్రకు ఉలి ఆనిస్తే తెల్లని పొట్టు రేకులు రేకులుగా రాలింది. తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని దానికి నొక్కి పట్టాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకొన్నది. ఆపై మొగలి ఆకుతో రుద్దగా అద్దమువలె మెరిసింది. కుంచె లేదు, రంగు డబ్బా లేదు. పిల్లవాడు కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

మా చిన్నతనములో ఆడపిల్లలు ఆడుకొన్న లక్కపిడతలు, మేము ఆడిన బొంగరములు, కుంకుమ భరిణెలు ఇటువంటి చేతులలోనివే. ప్లాస్టిక్ బొమ్మలు అగ్గువకు వచ్చిన తరువాత వీటిని అడిగేవారు తగ్గిపోయారు. ఈ పని తమతోనే పోతుందని అనుకొన్న రోజులున్నాయని ఆ పెద్దాయన చెప్పినప్పుడు మాకు సిగ్గు వేసింది. ఎందుకంటే సండే స్కూలు బహుమానములకు ఏటేటా సంతలో ప్లాస్టిక్ బొమ్మలు కొన్నది మేమే. ఇటువంటి వీధులు పాడగుటలో మా చేయి కూడా ఉన్నది.

మరి వీధి తిరిగి ఎట్లు లేచింది? ఈ ఊరివాడే అయిన సి.వి. రాజుగారు పనివారిని కూడగట్టి, రసాయన రంగులను విడిచి, మొక్కల రంగులను లక్కలో కలిపే పద్ధతిని వెదకి నిలబెట్టారు. పసుపు నుండి పసుపుపచ్చ, నీలిమందు నుండి నీలము, జాఫ్రా గింజల నుండి ఎర్రని నారింజ రంగు! పసిబిడ్డ నోట పెట్టుకొన్నా భయము లేని బొమ్మ కావాలనుకొనే తల్లిదండ్రులు దూరదేశములలోను ఉన్నారు గదా. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా నడిచినవి ఈ బొమ్మలే. కొత్త ఫ్యాక్టరీ వచ్చి ఈ వీధిని లేపలేదు. ఉన్న చేతులే, ఉన్న లక్కే, పెరటిలోని పసుపే లేపినవి.

ఇంతలో పిల్లవాడు మూలనున్న కర్రను చేతిలోనికి తీసుకొని, గోటితో గీకి, వాసన చూచి, “అయ్యగారూ, ఇది మన అంకుడే గదా! దీనిని మేము పొయ్యిలో పెడతాము” అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు. “అవును బాబూ, కొండ మీది కర్రే. మాకు పని ఉంది, అడిగేవాళ్ళున్నారు. ఈ కర్ర దొరకడమే రోజురోజుకీ కష్టమవుతోంది. మీరు పొయ్యిలో పెడుతున్నారా?” అన్నాడు.

ఆ మాట దారి పొడవునా మమ్మును వదలలేదు. అంకుడు కర్ర మెత్తనిది, తెల్లనిది, ఉలికి లొంగేది. కొమ్మ కొట్టినా మళ్ళీ చిగురు వేసే చెట్టు అది. అటువంటి చెట్టు ఆ వీధికి అన్నము పెట్టుచుండగా, మనకు మాత్రము బూడిదయై పోవుచున్నది. లక్క అడవిదే. జాఫ్రా మన ఏజెన్సీలోను పండుతుంది. సరుకు మనది, పని నేర్చిన చేయి మాత్రమే మనది కాదు. వారి వీధి నిలువవలెనన్నా మన చెట్టు నిలువవలెను. మన పిల్లలు ఇక్కడే నిలువవలెనన్నా వారి పని మనము నేర్వవలెను.

పిల్లవాడు వస్తే పని నేర్పుతానని పెద్దాయన మాట ఇచ్చాడు. తండ్రి సంతోషించాడు గాని, వాడు ఇంకా అవుననలేదు, కాదనలేదు. మొన్న ఆదివారము ఆరాధన తరువాత మాత్రము ఒక అంకుడు బొంగరము తెచ్చి మా చేతిలో పెట్టాడు. కత్తితో చెక్కినది గనుక గుండ్రము కుదరలేదు. నాలుగు చుట్లు తిరిగి పడిపోయింది. వాడు దానిని తీసుకొని, ఎక్కడ బరువు ఎక్కువైనదోనని తిప్పి తిప్పి చూస్తూ వెళ్ళాడు.

ఈ క్రిస్మస్‌కు బహుమానములు ఏటికొప్పాక నుండి తెప్పించుటకు సంఘములో నిర్ణయించుకొన్నాము. వానలు పడగానే గుడి ఆవరణ చుట్టు అంకుడు మొక్కలు నాటుతాము. నరికిన చెట్టుకు నిరీక్షణ ఉన్నదని యోబు భక్తుడు తలంచిన సంగతి మీరు చదివియున్నారు. ప్రియ చదువరులారా, మీ పొలము గట్టున అంకుడు చెట్టు ఉన్నట్లయితే, ఈసారి పొయ్యి రాజేసేముందు దాని వంక ఒకసారి చూడండి. మీ ఇంటిలో దానిని చెక్కగల చేయి ఉన్నదేమో కూడా చూడండి.