వలిసె పూల వేళ పెట్టె వాసన

కొత్తవలస దాటాక కిరండూల్ రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. సొరంగం చీకటి, వెంటనే లోయ వెలుగు. బొర్రా గుహల స్టేషన్ వచ్చేదాకా ఎవరికీ కిటికీ వదలబుద్ధి కాదు. నవంబరులో అరకులో దిగితే పొలాలన్నీ పసుపే. వలిసెలు పూసి ఉంటాయి. ఆ పూల చుట్టూ ఫొటోలు తీసుకునే జనం ఎంతమందో, తేనెటీగలు అంతకు వందల రెట్లు.

పాడేరు దారిలో ఒక చిన్న ఊరు. కాఫీ తోటకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కింద తేనె పెట్టెలున్నాయి. "దగ్గరికి రండి బాబూ, గుమ్మానికి ఎదురుగా మాత్రం నిలబడకండి" అన్నాడు రైతు. పొద్దు వాలుతోంది. గుమ్మం దగ్గర ఈగలు బారులు తీరి, తల దించి, రెక్కలు ఆడిస్తున్నాయి. లోపలి నుంచి వెచ్చగా, బరువుగా, కాస్త పులుపు కలిసిన తీపి వాసన వస్తోంది. ఏదో కుళ్ళిందేమోనని నాకు అనుమానం వచ్చింది.

"జబ్బు కాదు బాబూ, తేనె పండుతోంది!"

మకరందంలో చాలా భాగం నీరే. ఈగలు రెక్కలతో గాలి కొట్టి ఆ నీటిని 20 శాతం లోపుకు తగ్గిస్తాయి, ఆ తర్వాతే అరలకు మైనంతో మూత వేస్తాయి. ఆవిరితో పాటు పూల వాసన కూడా బయటికొస్తుంది. అదే పని సగంలో ఉండగా, మూతపడని పట్టును పిండితే మాత్రం ఆ తేనె సీసాలో పులుస్తుంది, నురగ కడుతుంది.

పెట్టె దగ్గర పండిన అరటిపండు వాసన వచ్చిందంటే వెనక్కి జరగాలి. కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక రసాయనం ఐసోపెంటైల్ అసిటేట్ వాసన అది. దాన్ని 1962లో గుర్తించారు. ఒక ఈగ కుట్టిన చోటికే మిగతావి ఎందుకు వస్తాయో దీంతో తెలిసింది.

భయపడాల్సిన వాసనలు వేరు. యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ సోకితే పిల్ల పురుగులు మూతపడకముందే పసుపు, గోధుమ రంగుకు తిరిగి, మెలికపడి, పుల్లగా కంపు కొడతాయి. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌లో మూతలు కుంగి చిల్లులు పడతాయి. లోపల అగ్గిపుల్ల గుచ్చి లాగితే జిగురు తీగలా సాగుతుంది, కుళ్ళిన చేప వాసన వస్తుంది. దాని బీజాలు దశాబ్దాలు బతుకుతాయి కాబట్టి ఆ పట్టును కాల్చేయడమే మేలు.

అయితే ముక్కును మరీ నమ్మకూడదు. 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను చాలావరకు తుడిచిపెట్టిన థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్‌కు వాసన పెద్దగా ఉండదు. చచ్చిన పురుగు నీళ్ల సంచిలా అరలో నిలబడి ఉంటుంది. అది కంటికే తెలుస్తుంది.

రైతు ఒక చట్రం పైకెత్తి చూపించాడు. ముత్యాల్లా తెల్లగా, ముడుచుకుని పడుకున్న పిల్లలు. ఆరోగ్యం అంటే ఇదే.

పెట్టెలు పెంచే మిత్రులకు ఒకటే మనవి: వాసన మారితే ముందు మూత తీసి పిల్లల్ని చూడండి. జబ్బు అనుమానం తీరేదాకా ఆ చట్రాల్ని ఇంకో పెట్టెలోకి మార్చవద్దు.