గడిలో రాసిపెట్టిన మాట

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో తొలిసారి వేలానికి వచ్చినప్పుడు 450 రూపాయలు పలికింది. 2024లో 30,01,000 రూపాయలకు వెళ్లింది. పక్కనే ఉన్న బడంగ్‌పేట్‌లో ఏ జిరాక్స్ షాపులోనైనా ఎక్సెల్ షీటు తెరిచి ఈ రెండు అంకెలూ కొట్టి, కామాలు పెట్టమంటే, విండోస్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్‌లో రెండోది 3,001,000గా కనిపిస్తుంది. లక్షల్లో చదవడం అలవాటైన కన్ను అక్కడ తడబడుతుంది. ముప్పై లక్షలా, మూడు కోట్లా? తెలిసినవాళ్లు పక్కనుంటే, "రీజియన్‌ల ఇండియా పెట్టన్నా, కామాలు సక్కగైతయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ప్రతి ఆఫీసులోనూ అలా తేల్చే మనిషి ఒకరుంటారు. అందరూ ఆ కుర్చీ దగ్గరికే వెళ్తారు. "మేడమ్, జర చూడరా, ఏదో ఎర్రరొస్తుంది" అంటారు. ఆ మేడమ్‌కు బదిలీ అయినా, పది రోజులు సెలవు పెట్టినా ఆఫీసు సగం మూగబోతుంది. ఆమెకు తెలిసినదంతా ఏ ఫైల్లోనూ లేదు, ఆమెతోనే వెళ్లిపోయింది.

బడంగ్‌పేట్ లాంటి చోట ఈ లోటు మరింత బరువుగా తగులుతుంది. గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు 2019 నాటికే మునిసిపల్ కార్పొరేషన్ అయింది. 2025 చివరలో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. బోర్డు మారిన ప్రతిసారీ రికార్డుల నమూనాలు మారతాయి, మనుషులు మారతారు. మామిడిపల్లి దాటి శంషాబాద్ వైపు వెళ్తే, 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం చుట్టూ కార్గో, కొరియర్, హోటల్ ఆఫీసులు. వాటిలో రాత్రి షిఫ్టుకు కూర్చునే కొత్త కుర్రాడికి అడగడానికి పక్క కుర్చీలో ఎవరూ ఉండకపోవచ్చు.

మరి కంప్యూటర్‌లోనే సహాయం ఉంది కదా? ఉంది. కీబోర్డు పై వరసలో ఎడమవైపు ఎఫ్‌1 నొక్కితే చాలు. చాలామందికి ఆ మీట పరిచయమయ్యేది మాత్రం పొరపాటున. ఎస్కేప్ నొక్కబోయో, ఎఫ్‌2 నొక్కబోయో వేలు దానిమీద పడుతుంది, కుడివైపు ఓ పలక తెరుచుకుంటుంది, చిరాకుగా మూసేస్తారు. కావాలని నొక్కినవాళ్లకు దొరికేది కూడా ప్రపంచమంతటికీ కలిపి రాసిన సమాధానం. కాలమ్ వెడల్పు ఎలా పెంచాలో అది చెబుతుంది. ఈ కాలమ్‌లో ఇంటి నంబరు రాయాలా, అసెస్‌మెంట్ నంబరు రాయాలా అన్నది దానికి తెలియదు. పైగా ఇప్పుడా సహాయంలో చాలా భాగం ఇంటర్నెట్‌ మీద ఆధారపడింది. నెట్ పోతే అదీ అందదు.

'అడగందే అమ్మయినా పెట్టదు' అంటారు మనవాళ్లు. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు దీనికి ఎదురు దారి పట్టింది. ఆఫీస్ 97లో కళ్లున్న పేపర్‌క్లిప్ బొమ్మ ఒకటి అడగకుండానే తెర మీదికొచ్చి, ఉత్తరం రాస్తున్నారా, సాయం కావాలా అనేది. క్లిప్పీ అని దానికి పేరు పడింది. ఎన్నిసార్లు వద్దన్నా మళ్లీ మళ్లీ రావడంతో జనానికి విసుగు పుట్టింది. 2001 నాటి ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని మామూలుగా కనపడకుండా పెట్టారు. ఆఫీస్ 2007లో పూర్తిగా తీసేశారు. సాయం అడక్కముందే మీదపడకూడదు, అవసరమైనప్పుడు అందకుండానూ ఉండకూడదు. ఈ రెండింటికీ మధ్య ఎక్సెల్‌లో ఓ చోటు ఎప్పటినుంచో ఖాళీగా ఉంది. అక్కడ కంపెనీ ఏమీ రాయలేదు. రాయాల్సింది ఆఫీసువాళ్లే.

డేటా ట్యాబ్‌లో డేటా వ్యాలిడేషన్ అని ఉంటుంది. దాన్ని తెరిస్తే మూడు పేజీలు. మొదటి దాంట్లో ఆ గడిలో ఏం పట్టాలో నియమం పెట్టాలి. రెండోది ఇన్‌పుట్ మెసేజ్. గడిని ఎంచుకోగానే పక్కన చిన్న చీటీలా కనిపించే మాట ఇక్కడ రాస్తారు. శీర్షికకు 32 అక్షరాలు, విషయానికి 255 అక్షరాల చోటు. మూడోది ఎర్రర్ అలర్ట్, తప్పు కొట్టినప్పుడు వచ్చే మాట. ఇందులో మూడు మెట్లున్నాయి. స్టాప్ అంటే ససేమిరా ఒప్పుకోదు, వార్నింగ్ అంటే నిజంగానే కావాలా అని అడుగుతుంది, ఇన్ఫర్మేషన్ అంటే చెప్పి వదిలేస్తుంది. ఈ పేజీని ఖాళీగా వదిలితే, ఈ గడికి పెట్టిన నిబంధనలకు ఈ విలువ సరిపోదన్న ఇంగ్లిషు వాక్యం వస్తుంది. ఏ నిబంధనో చెప్పదు. "ఎర్రరొస్తుంది సార్" అన్న కేక పుట్టేది అక్కడే.

బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ సంగతి చూడండి. మొత్తం 11 అక్షరాలు. ఐదోది ఎప్పుడూ సున్నా. ఆ సున్నా స్థానంలో ఇంగ్లిషు అక్షరం ఓ కొట్టడం తరచూ జరిగే పొరపాటు. అంతకన్నా పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, గడి పక్కన ఇంత ఉంటే చాలు: 'పాస్‌బుక్ మొదటి పేజీలో ఉంటుంది. 11 అక్షరాలు. ఐదోది సున్నా, ఇంగ్లిషు ఓ కాదు.' జీఎస్టీ నంబరుకు 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది పాన్ నంబరు. విజయవాడ డీలర్ బిల్లుకు 36తో మొదలయ్యే నంబరు కొట్టబోయే చెయ్యి ఈ రెండు ముక్కలు కనిపిస్తే ఆగుతుంది.

శంషాబాద్ కార్గో ఆఫీసులకు ఇంకా చక్కని ఉదాహరణ ఉంది. విమానంలో వెళ్లే సరుకుకు రాసే ఎయిర్‌వే బిల్లు నంబరులో 11 అంకెలుంటాయి. మొదటి మూడూ విమాన సంస్థవి, ఎయిర్ ఇండియాకు 098. మామూలు గడిలో 098 కొడితే ఎక్సెల్ ముందున్న సున్నాను మింగేసి 98 చేస్తుంది. అందుకే ముందుగానే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి. మిగిలిన ఎనిమిది అంకెల్లో చివరిది లెక్క సరిచూసుకోవడానికి పెట్టింది. ముందున్న ఏడంకెల సంఖ్యను 7తో భాగిస్తే మిగిలే శేషమే ఆ అంకె. 1234567ను 7తో భాగిస్తే 5 మిగులుతుంది, కాబట్టి 12345675 సరైన నంబరు. చివరి అంకె 7 గాని, 8 గాని, 9 గాని అయితే ఆ నంబరు కచ్చితంగా తప్పు. ఈ నియమాన్ని గడికి నేర్పి, పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాసిపెడితే, కొత్తగా చేరిన కుర్రాడు తన తప్పు తనే పట్టుకుంటాడు.

తెలుగులో అన్నది ఊరికే అనలేదు. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లకు అలవాటైన చేతులు ఈ పెట్టెలో కూడా అలాగే కొడితే, పిచ్చిగీతల్లాంటి ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఈ చీటీకి ఫాంటు మార్చే వీల్లేదు, యూనికోడ్ తెలుగే కావాలి. అది కష్టమేమీ కాదు. 2019 మే నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లిషు అక్షరాల ఉచ్చారణతో కొట్టొచ్చు. ఒక్క జాగ్రత్త. మనం ఒక అక్షరమనుకునేది కంప్యూటర్‌కు ఒకటి కాదు. గుణింతం గుర్తు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అంటే దానికి ఆరు. 'బడంగ్‌పేట్' అని రాస్తే, గ్, ప కలిసిపోకుండా పెట్టే కనిపించని గుర్తుతో కలిపి పది. శీర్షికకు ఉన్న 32లో పది ఊరిపేరుకే పోతాయి. అందుకని పొదుపుగా రాయాలి. పొదుపుగా రాసిన మాటే చదువుతారు కూడా.

ఎక్సెల్ ఒక్కటే కాదు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో వాలిడిటీ అన్నచోట ఇన్‌పుట్ హెల్ప్ పేజీ ఉంది. గూగుల్ షీట్స్‌లోనూ గడికి సహాయ వాక్యం పెట్టొచ్చు. వర్డ్‌లో పాత పద్ధతి దరఖాస్తు ఫారాలు తయారుచేసేవాళ్లకు యాడ్ హెల్ప్ టెక్స్ట్ అనే బటన్ ఉంటుంది. ఒక్కో ఖాళీకి కింది పట్టీలో 138 అక్షరాల మాట, ఎఫ్‌1 నొక్కితే వచ్చేందుకు 255 అక్షరాల మాట రాసుకోవచ్చు. ప్రపంచానికంతా ఒకే సమాధానం చెప్పే ఎఫ్‌1 ఆ ఫారంలో మాత్రం ఆ ఆఫీసు మాటే చెబుతుంది. ఈ మాటలన్నీ ఫైల్లోనే ఉంటాయి. ఫైలు ఎటు పోతే అటు పోతాయి. నెట్ అక్కర్లేదు.

దీనికీ ఓ బలహీనత ఉంది. వేరేచోట నుంచి కాపీ చేసి పేస్ట్ చేసిన విలువను ఈ నియమం అడ్డుకోలేదు. మరో ఎక్సెల్ గడి నుంచి చేసే మామూలు పేస్ట్ అయితే నియమాన్నీ, పక్కనున్న చీటీనీ కూడా చెరిపేస్తుంది. నియమం మిగిలి ఉన్నచోట దొర్లిన తప్పులను సర్కిల్ ఇన్‌వ్యాలిడ్ డేటా అన్న ఆదేశం ఎర్రటి సున్నాలు చుట్టి చూపిస్తుంది, వారానికోసారైనా దాన్ని నొక్కాలి. అలాగే ప్రతి గడికీ చీటీ తగిలిస్తే ఎవరూ చదవరు, క్లిప్పీకి పట్టిన గతే పడుతుంది. నిజంగా తప్పులు జరిగే నాలుగైదు కాలమ్‌లకు చాలు.

ఏవా నాలుగైదు? అందరూ వెళ్లి అడిగే ఆ మేడమ్‌కు తెలుసు. ఆమెను ఓ అరగంట కూర్చోబెట్టి, ఎక్కువసార్లు ఏం అడుగుతారో కనుక్కోండి. ఆమె చెప్పే జవాబును ఆమె మాటల్లోనే గడిలో రాయండి. రాసింది ఎవరో, మార్చాల్సొస్తే ఎవరిని అడగాలో కూడా ఒక మూల రాయండి. ఈ పని ఆమె బదిలీ ఉత్తర్వు వచ్చేలోపు పూర్తిచేయండి.